తాత కారు రోడ్డెక్కాలంటే: ముందు కాగితాలు, తర్వాత ఇంజిన్, చివర రంగు

మహబూబ్‌నగర్‌కు పేరిచ్చిన ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ 1911లో కన్నుమూశారు. ఆయన కాలంలో ఆర్డరిచ్చిన రోల్స్ రాయిస్ సిల్వర్ ఘోస్ట్ కొడుకు ఉస్మాన్ అలీ ఖాన్ చేతికి వచ్చింది. మన ఇళ్లలో తండ్రి నుంచి బిడ్డలకు వచ్చేవి అంబాసిడర్, పద్మిని, మారుతి 800. నల్లగొండలోనైనా, జడ్చర్లలోనైనా ఇలాంటి కారు చేతికి రాగానే చాలామంది చేసే మొదటి పని టింకరింగ్, పెయింటింగ్. నిజానికి ఆ పని చివర రావాలి. ఎందుకో ఈ అంకెలు చెబుతాయి.

30 రోజులు, 3 నెలలు

కారు యజమాని చనిపోతే 30 రోజుల్లోగా ఆర్టీఏకు తెలపాలి. వారసులు 3 నెలల వరకు ఆ బండిని వాడుకోవచ్చు. ఆ గడువులోగా ఫారం 31 నింపి, మరణ ధ్రువీకరణ పత్రం, వారసత్వ ఆధారాలు జతచేసి పేరు మార్పించుకోవాలి. ‘ఇంట్లో బండే కదా’ అని ఏళ్లకేళ్లు వదిలేస్తే తర్వాత అన్నదమ్ములు, అక్కాచెల్లెళ్లు తలో ఊళ్లో ఉంటారు. ఒక్కొక్కరి సంతకం తెచ్చుకోవడమే పెద్ద పనవుతుంది. 2021 నుంచి ఆర్సీలో నామినీ పేరు రాయించుకునే వీలుంది. పెద్దలు ఉండగానే ఆ పని చేయించడం మేలు.

15 ఏళ్లు, ఆ పైన ఐదేసి ఏళ్లు

సొంత కారు రిజిస్ట్రేషన్ 15 ఏళ్లు చెల్లుతుంది. తర్వాత ఐదేళ్లకోసారి ఫిట్‌నెస్ చూపించి రెన్యువల్ చేయించుకోవాలి. 2022 ఏప్రిల్‌లో కారు రెన్యువల్ ఫీజు రూ.600 నుంచి రూ.5,000కు పెరిగింది. 2025 ఆగస్టులో 20 ఏళ్లు దాటిన కార్లకు దాన్ని రూ.10,000 చేశారు. జీఎస్టీ, గ్రీన్ టాక్స్ వీటికి అదనం. పదేళ్ల డీజిల్, పదిహేనేళ్ల పెట్రోలు బండ్ల మీద నిషేధం మాటంతా ఢిల్లీ, దాని చుట్టుపక్కల ప్రాంతానికి సంబంధించినది. ఆ భయంతో తాత కారును తుక్కుకు అమ్ముకోవద్దు.

50 ఏళ్లు

పాతదైనంత మాత్రాన కారు ‘వింటేజ్’ అయిపోదు. 2021 జులైలో కేంద్రం తెచ్చిన నిబంధనల ప్రకారం మొదటి రిజిస్ట్రేషన్ నుంచి 50 ఏళ్లు దాటాలి. పెద్ద మార్పులేవీ లేకుండా బండి అసలు రూపంలోనే ఉండాలి. 1983 డిసెంబరులో వచ్చిన తొలి మారుతి 800కు ఆ వయసు 2033లో వస్తుంది. 1957 ప్రాంతంలో మొదలైన అంబాసిడర్ తయారీ 2014లో ఆగింది. ఆ చివరి బండ్లు 2064 దాకా ఆగాల్సిందే.

వింటేజ్‌గా కొత్త రిజిస్ట్రేషన్‌కు ఫీజు రూ.20,000. అది పదేళ్లు చెల్లుతుంది. మళ్లీ చేయించుకుంటే రూ.5,000. మామూలు పద్ధతిలో రెండు రెన్యువల్స్‌కు, అంటే అదే పదేళ్లకు, అయ్యేదీ రూ.20,000 చుట్టూనే. తేడా అంతా వాడకంలో ఉంది. వింటేజ్ బండిని ప్రదర్శనకు, ర్యాలీకి, మరమ్మతుకు, పెట్రోలు పోయించుకోవడానికి తప్ప రోజూ తిప్పకూడదు. నెలకోసారి ఇంటిల్లిపాదీ యాదగిరిగుట్టకు పోవాలనుకుంటే మామూలు రెన్యువలే మంచిది.

0.4 మిల్లీమీటర్లు

1489 సీసీ పెట్రోలు అంబాసిడర్ ప్రాణం డిస్ట్రిబ్యూటర్‌లోని పాయింట్ల మధ్య ఉంటుంది. అక్కడ గ్యాప్ దాదాపు 0.4 మి.మీ. ఉండాలి. స్పార్క్ ప్లగ్గుకైతే 0.6 మి.మీ. షెడ్డులో అనుభవమున్న మెకానిక్ డిస్ట్రిబ్యూటర్ మూత తీసి, ఇంజిన్‌ను చేత్తో తిప్పుతూ పాయింట్లు పూర్తిగా విచ్చుకున్న చోట ఆపుతాడు. ఫీలర్ గేజి రేకును మధ్యలోకి జారవిడుస్తాడు. రేకు పట్టీపట్టనట్టు కదిలితే సరిపోయినట్టు. పాయింటు మడమ అరిగే కొద్దీ ఈ గ్యాప్ తగ్గుతుంది. నిప్పురవ్వ ఆలస్యంగా పడుతుంది. బండి లాగదు, వేడెక్కుతుంది. ఆ లక్షణాలు చూసి ‘ఇంజిన్ బోర్‌కు వచ్చింది’ అని వేల రూపాయల పని చెప్పేవాళ్లుంటారు. ముందు ఈ గ్యాప్ చూడమని అడగండి. ప్లగ్గు వైర్లు విప్పితే 1-3-4-2 వరుసలోనే మళ్లీ పెట్టించండి.

45 డిగ్రీలు, 20 శాతం

మన ఎండాకాలం 45 డిగ్రీలను తాకుతుంది. ఆ వేడికి పెట్రోలు పైపులోనే ఆవిరైపోయి బండి నడిరోడ్డు మీద ఆగుతుంది. పంపు మీద తడిగుడ్డ వేసి కాసేపు ఆగితే మళ్లీ స్టార్టవుతుంది. ఇది తరచూ జరుగుతుంటే రేడియేటర్ చూపించాలి. మన మెట్ట నేలల బోరు నీళ్లు చాలాచోట్ల కఠిన జలాలు. అవి పోస్తే లోపల పాచి కట్టినట్టు సున్నం పేరుకుంటుంది. డిస్టిల్డ్ వాటర్‌లో కూలెంట్ కలిపే పోయాలి.

2025 నాటికి మన పెట్రోలులో ఇథనాల్ 20 శాతానికి చేరింది. పాత బండ్ల రబ్బరు పైపులు, కార్క్ ప్యాకింగులు దానికోసం తయారైనవి కావు. ఇథనాల్ తేమను పీల్చుకుంటుంది కాబట్టి నెలల తరబడి కదలని బండి ట్యాంకు తుప్పు పడుతుంది. ఇథనాల్‌ను తట్టుకునే రబ్బరు పైపులు వేయించండి. పాతవి చీలి పెట్రోలు కారితే మంటలు అంటుకునే ప్రమాదం ఉంది.

చివరగా రంగు

ఇవన్నీ అయ్యాకే పెయింటింగ్. అప్పుడు కూడా తీసిన పాత భాగాలను పారేయొద్దు. డ్యాష్‌బోర్డు, మీటర్లు, స్టీరింగ్, పాత ఆర్సీ, అప్పటి బిల్లులు అన్నీ దాచండి. ఏ రోజు ఏ పని చేయించారో ఒక నోటుబుక్కులో రాసి కారులోనే ఉంచండి. రేపు 50 ఏళ్లు నిండినప్పుడు బండి అసలు రూపం పోలేదని చూపించడానికి అవి పనికొస్తాయి.

నిలబెట్టిన బండే ముందు పాడవుతుంది. వారానికోసారి స్టార్ట్ చేసి నాలుగు కిలోమీటర్లు తిప్పండి. పిల్లలను పక్కన కూర్చోబెట్టుకుని తిప్పండి. రేపు దాన్ని చూసుకోవాల్సింది వాళ్లే.