మారకపు రేట్లు - కంప్యూటరు

ఒక దేశపు ద్రవ్యం సాధారణంగా మరొక దేశంలో చెల్లదు. రూపాయలిచ్చి డాలర్లో, యూరోలో, యెన్‌లో తీసుకోవలసి ఉంటుంది. ఒక ద్రవ్యానికి బదులుగా మరొకటి ఎంత వస్తుందో తెలిపే అంకెను మారకపు రేటు అంటారు. ఇది తరచుగా మారుతూ ఉంటుంది. ఎగుమతి వ్యాపారులకు, విదేశాల్లో చదివే విద్యార్థులకు, అక్కడి నుంచి ఇంటికి డబ్బు పంపేవారికి దీనితో పని పడుతుంది.

రోజూ ఈ రేట్లను వెబ్‌సైటులో చూసి చేత్తో రాసుకోవడం విసుగు పుట్టించే పని. అందుకే దానిని కంప్యూటరుకు అప్పగిస్తారు. కంప్యూటరు వరుసగా చేయవలసిన పనులను తెలిపే చిన్న ఆదేశాల పట్టికను స్క్రిప్టు అంటారు. ఈ స్క్రిప్టు మూడు పనులు చేస్తుంది. వెబ్‌సైటు నుంచి సమాచారం తెస్తుంది. అందులో కావలసిన అంకెను ఏరుతుంది. లెక్క కట్టి దాచిపెడుతుంది.

మనుషులు చదివే పేజీలో బొమ్మలు, శీర్షికలు, ప్రకటనలు కలిసి ఉంటాయి. ఆ పేజీ అమరిక మారితే స్క్రిప్టు దారి తప్పుతుంది. కనుక కొన్ని సంస్థలు కంప్యూటర్ల కోసం వేరే ఫైలు ఉంచుతాయి. జర్మనీలోని ఫ్రాంక్‌ఫర్ట్ నగరంలో ఉన్న యూరోపియన్ సెంట్రల్ బ్యాంకు ఇటువంటి ఫైలును ఎక్స్ఎంఎల్ రూపంలో అందిస్తుంది. పనిదినాల్లో, అక్కడి కాలమానం ప్రకారం సాయంత్రం 4 గంటల ప్రాంతంలో కొత్త రేట్లు వెలువడతాయి. రోజుకు ఒక్కసారి తెచ్చుకుంటే చాలు. మాటిమాటికీ అడగడం ఆ వెబ్‌సైటుకు అనవసరపు భారం.

ఆ ఫైలులో రేట్లన్నీ ఒక యూరోకు ఎంత అన్న లెక్కలో ఉంటాయి. డాలరుకు రూపాయలెన్నో తెలియాలంటే భాగించాలి. ఉదాహరణకు, ఒక యూరోకు 90 రూపాయలు, 1.20 డాలర్లు అనుకుందాం. 90ని 1.20తో భాగిస్తే 75 వస్తుంది. అంటే డాలరుకు 75 రూపాయలు.

భాగహారం తేలికే. అంకె దేనిని తెలుపుతుందో గ్రహించడమే ముఖ్యం. మన దేశంలో ప్రకటించే రిఫరెన్సు రేట్లలో డాలరు, పౌండు, యూరోలకు ఒక్కొక్కదానికి ఇన్ని రూపాయలని చెబుతారు. జపాను యెన్‌కు మాత్రం నూరు యెన్‌లకు ఇన్ని రూపాయలని చెబుతారు. ఈ తేడా గమనించని స్క్రిప్టు లెక్క నూరు రెట్లు తప్పుతుంది. అయినా కంప్యూటరు తప్పని చెప్పదు.

తేదీ విషయంలోనూ జాగ్రత్త అవసరం. ఆదివారం తెచ్చిన రేటు నిజానికి శుక్రవారం నాటిది కావచ్చు. యూరోపియన్ సెంట్రల్ బ్యాంకు 2022 మార్చిలో రష్యా రూబుల్ రేటు ప్రకటించడం నిలిపివేసింది. క్రొయేషియా 2023 జనవరి 1న యూరోను స్వీకరించడంతో కూనా రేటు అవసరం పోయింది. ఇటువంటప్పుడు కొత్త అంకె దొరకని స్క్రిప్టు పాతదానినే నేటి రేటుగా చూపితే, దానిని నమ్మినవారు నష్టపోతారు. అందుచేత మంచి స్క్రిప్టు రేటుతో పాటు తేదీని దాస్తుంది. రేటు దొరకనప్పుడు దొరకలేదనే చెబుతుంది. నిన్నటికీ నేటికీ పొంతన లేని తేడా కనిపిస్తే ఆగి హెచ్చరిస్తుంది.

మరొక సంగతి. ఇవి సమాచారం కోసం ప్రకటించే రేట్లు. బ్యాంకులో డబ్బు మార్చుకునేటప్పుడు వచ్చే రేటు వేరుగా ఉంటుంది.

కంప్యూటరు వేగంగా లెక్క చేస్తుంది. కాని ఆ అంకె ఏనాటిదో, ఎన్నింటికో, ఎవరు ప్రకటించినదో సరిచూడమని దానికి ముందుగా చెప్పవలసినది మనిషే.