మనసు బాగోలేదంటే బి-కాంప్లెక్స్ ఎందుకిస్తారు?

ఈ ఎపిసోడ్‌లో మందుల గురించి కాదు, అడగాల్సిన ప్రశ్నల గురించి మాట్లాడుకుందాం.

మన గుంటూరు, ప్రకాశం ఊళ్ళలో "నాకు డిప్రెషన్" అని చెప్పేవాళ్ళు చాలా తక్కువ. "నిద్ర పట్టట్లేదు", "గుండె దడగా ఉంది", "తల బరువు", "ఒంట్లో సత్తువ లేదు" అంటారు. దానికి తగ్గట్టే ఒక సెలైన్, నాలుగు బి-కాంప్లెక్స్ బిళ్ళలు చేతిలో పెడతారు. ఇచ్చినాయన్ని తిట్టి లాభం లేదు. మనం ఒంటి సంగతే చెప్పాం, ఆయన ఒంటి సంగతే చూశాడు.

మరి మనసు సంగతి అడిగేదెలా? పీహెచ్‌క్యూ-9 అని తొమ్మిది ప్రశ్నలున్నాయి. గత రెండు వారాల్లో నిద్ర, తిండి, నీరసం, దేని మీదా ఆసక్తి లేకపోవడం, ఇలా. ఒక్కోదానికి 0 నుంచి 3, మొత్తం 27. స్కోరు 10 గానీ ఆపైన గానీ వస్తే డాక్టర్‌తో మాట్లాడాలి. ఫోన్లో మీరే చేసుకుని "నాకు జబ్బు" అని ముద్ర వేసుకోకండి, ఇది వడపోత మాత్రమే. తొమ్మిదో ప్రశ్న చావు ఆలోచనల గురించి. దానికి అవునంటే మొత్తం స్కోరు ఎంత తక్కువున్నా వదిలెయ్యకూడదు. "అడిగితే లేనిపోని ఆలోచన పుట్టించినట్టు కాదా?" అని పెద్దవాళ్ళు భయపడతారు. కాదండీ. అడగడం వల్ల ఆ ఆలోచన పెరగదనే పరిశోధనలు చెప్తున్నాయి.

ఇప్పుడు అసలు విషయం. ఈ ప్రశ్నలు సైకియాట్రిస్టే అడగాలా? జార్జ్ ఇన్‌స్టిట్యూట్ వాళ్ళు పశ్చిమ గోదావరి పల్లెల్లో, హర్యానాలో దీన్నే పరీక్షించారు. ఆశా అక్క ట్యాబ్ పట్టుకుని ఇంటికొచ్చి అడుగుతుంది, అవసరమున్నవాళ్ళని పీహెచ్‌సీ డాక్టర్ చూస్తారు. దాంతోపాటు వీధి నాటకాలు, జబ్బు నుంచి బయటపడ్డవాళ్ళ వీడియోలు. అది పెద్దవాళ్ళకి. తర్వాత ఆర్టెమిస్ పేరుతో 10 నుంచి 19 ఏళ్ళవాళ్ళ కోసం విజయవాడ, ఢిల్లీ మురికివాడల్లో చేశారు. మనకి కృష్ణ అవతలే!

నాకు ఇందులో నచ్చింది ఆశా అక్క. ఆమెకి ఊరు తెలుసు. ఇబ్బంది కూడా అక్కడే ఉంది: ఊరికీ ఆమె తెలుసు. పక్కింటావిడకి మన గుట్టు చెప్తామా? గోప్యతకి గట్టి ఏర్పాటు లేకపోతే 17 ఏళ్ళ పిల్ల నోరు విప్పదు.

ఇంకొకళ్ళున్నారు, ఏ లెక్కలోకీ రానివాళ్ళు. పత్తి తీతలకి, మిరప కోతలకి ఆదోని, కోసిగి వైపు నుంచి కుటుంబాలు కుటుంబాలే మన పొలాలకి వస్తాయి. పిల్లల బడి అక్కడ, డేరా ఇక్కడ. ఇంటింటి సర్వే వాళ్ళ ఊళ్ళో జరిగితే ఇంటికి తాళం, ఇక్కడ జరిగితే ఇల్లే లేదు. అంతెందుకు, నిమ్‌హాన్స్ 2015-16లో చేసిన జాతీయ మానసిక ఆరోగ్య సర్వేకి 12 రాష్ట్రాలని తీసుకున్నారు. అందులో మన రెండు తెలుగు రాష్ట్రాలూ లేవు. 13-17 ఏళ్ళవాళ్ళలో 7.3 శాతం మందికి ఏదో ఒక మానసిక సమస్య ఉందని ఆ సర్వే తేల్చింది. మనం ఇక్కడ వాడే అంకె కూడా అదే.

చట్టం మాత్రం అందరిదీ. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం ప్రకారం ప్రభుత్వ వైద్యం పొందడం హక్కు. కులం, మతం, లింగం, వైకల్యం చూపించి తిప్పి పంపకూడదు, ట్రాన్స్ వాళ్ళనైనా సరే. అయితే 18 నిండనివాళ్ళకి వైద్యం విషయంలో మామూలుగా తల్లిదండ్రులో సంరక్షకులో ప్రతినిధిగా ఉంటారు.

ఫోన్ చేసి మాట్లాడాలంటే 14416, టెలి-మానస్. 2022 అక్టోబర్‌లో మొదలైంది. డబ్బులు కట్టక్కర్లేదు, రాత్రీ పగలూ ఉంటుంది, తెలుగులో మాట్లాడొచ్చు. ఏం చెప్పాలో తెలియకపోతే "నిద్ర పట్టట్లేదు" అనే మొదలుపెట్టండి, చాలు. నేరుగా వెళ్ళాలనుకుంటే గుంటూరు జీజీహెచ్‌లో సైకియాట్రీ విభాగం ఉంది.