కనిపించని మొగుడు... కదిలిన శాస్త్రం

ఆలుమగల తగవు కోర్టు మెట్లెక్కడానికి చాలా ముందే పాస్టరు గదికో, ఖాజీ సాబ్ దగ్గరికో, పంతులుగారి అరుగు మీదికో వెళ్తుంది. అక్కడ కూర్చున్న పెద్దమనిషి ఏ పేజీ తెరుస్తాడన్న దాని మీద ఎన్నో కాపురాలు ఆధారపడి ఉన్నాయి.

ఆదివారం ఆరాధన ముగిశాక కోనసీమలో ఓ పల్లెటూరి చర్చి పక్కగదిలో కూర్చున్నాను. పాస్టరు నాకు పాత స్నేహితుడు. నాలుగు ప్లాస్టిక్ కుర్చీలు, గోడకి క్యాలెండరు, బల్ల మీద అట్ట ఊడిన బైబిలు. అమ్మగారు (పాస్టరు భార్యని అక్కడ అందరూ అలాగే పిలుస్తారు) టీ గ్లాసులు పెట్టి వెళ్లబోతుంటే గుమ్మంలో ఒకామె నిలబడింది. ముప్పై ఏళ్లుంటాయేమో. నన్ను చూసి వెనక్కి తగ్గింది. నేను లేవబోతే, "ఫర్లేదండీ, ఊరందరికీ తెలిసిన సంగతే" అంది.

చేతిలో ఫోను పాస్టరు ముందు పెట్టింది. వాట్సాప్‌లో భర్త ఫొటో. కువైట్‌లో ఎక్కడో తెల్ల కారు పక్కన నిలబడి నవ్వుతున్నాడు. ఈవిడ పంపిన ప్రతి మాట కిందా ఒకటే టిక్కు. వేలితో పైకి తోస్తూ పోయింది. బాబు పుట్టినరోజు ఫొటోకి ఒకటే టిక్కు, అత్తగారు పోయిన కబురుకి ఒకటే టిక్కు. మూడేళ్లుగా డబ్బు లేదు, మాట లేదు. అక్కడ వేరే కాపురం పెట్టాడని కొందరంటారు, జైల్లో ఉన్నాడని ఇంకొందరు.

"నేనిప్పుడు మొగుడున్నదాన్నా, లేనిదాన్నా అయ్యగారూ?"

పాస్టరు వెంటనే జవాబు చెప్పలేదు. బైబిలు తీసి కొరింథీయులకు రాసిన మొదటి పత్రిక ఏడో అధ్యాయానికి వచ్చాడు. అవిశ్వాసి అయిన భర్త విడిచిపోతే పోనివ్వొచ్చనీ, అలాంటప్పుడు ఆ సోదరికి బంధం ఉండదనీ పౌలు రాసిన భాగాన్ని మెల్లగా వివరించాడు. ఆమె అంతా విని, "ఆయన అవిశ్వాసి కాదు కదండీ, మీరే కదా గోదాట్లో బాప్తిస్మం ఇచ్చింది" అంది.

గదిలో ఫ్యాను చప్పుడు తప్ప ఏమీ వినబడలేదు. పాస్టరు మళ్లీ పేజీలు తిప్పాడు. ఈసారి తిమోతి పత్రిక. సొంత ఇంటివాళ్లని పోషించనివాడు అవిశ్వాసి కంటే చెడ్డవాడన్న భాగం మీద వేలు పెట్టి, "మరి ఇతన్ని ఏమనాలి చెల్లెమ్మా?" అన్నాడు. ఆమె కళ్లు తుడుచుకుంది. అమ్మగారు పక్కన కూర్చుని ఆమె చెయ్యి పట్టుకున్నారు.

పాస్టరు చేసింది గమనించారా? ఎక్కడో ఉన్న రెండు పత్రికల్ని దగ్గరికి తెచ్చి కలిపి కుట్టాడు. వేదాంత కళాశాలలో ఇదే జవాబు పరీక్షలో రాస్తే మార్కులు పడతాయని నేను హామీ ఇవ్వలేను. ఎందుకంటే ఆవిడ అడిగిన ప్రశ్న చిన్నది కాదు. కేథలిక్ సభ ఆ కొరింథీ భాగం ఆధారంగానే 'పౌలు వెసులుబాటు' అని ఒక నియమం పెట్టుకుంది గానీ, పెళ్లినాటికి ఇద్దరూ బాప్తిస్మం లేనివాళ్లయి, తర్వాత ఒకరే తీసుకుంటేనే అది వర్తిస్తుంది. ఇద్దరూ బాప్తిస్మం పొందినవాళ్లయితే ఆ తలుపు మూతే. భర్త చాలాకాలంగా కనబడకపోయినంత మాత్రాన చనిపోయాడని అనుకోవడానికి వీల్లేదని, బిషప్ విచారణ జరిపి తేల్చాలని వాళ్ల ధర్మశాస్త్రం చెబుతుంది. అలాగని కేథలిక్కులు కదలకుండా కూర్చోలేదు. పెళ్లి మొదటినుంచే చెల్లలేదని తేల్చడానికి ఒకప్పుడు రెండు ట్రిబ్యునళ్లు ఒకే మాట చెప్పాల్సి వచ్చేది. 2015లో పోప్ ఫ్రాన్సిస్ ఆ రెండో తీర్పు అవసరం లేదన్నారు, స్పష్టంగా ఉన్న కేసుల్ని బిషపే త్వరగా తేల్చే దారి పెట్టారు. మరుసటి ఏడాది 'అమోరిస్ లేటీషియా'లో, విడాకులై మళ్లీ పెళ్లి చేసుకున్నవాళ్ల విషయంలో ఒక్కొక్కరి పరిస్థితినీ విడిగా చూడమని గురువులకి చెప్పారు. అందులో ఒక అధోసూచికతో పాటు కొన్ని భాగాల మీద నలుగురు కార్డినళ్లు బహిరంగంగా సందేహాలు లేవదీశారు.

కనిపించకుండా పోయిన మొగుడి సమస్య ఏ ఒక్క మతానిదీ కాదు. ఎవరి శాస్త్రం ఎంత వంగుతుందో చూడాలంటే దానికి మించిన పరీక్ష లేదనిపిస్తుంది నాకు. చచ్చిపోతే కర్మకాండ ఉంది, కొడితే పంచాయితీ ఉంది. మాయమైతే?

పరాశర స్మృతి ఆ ప్రశ్నకి జవాబు రాసిపెట్టింది. భర్త కనబడకపోయినా, చనిపోయినా, సన్యసించినా, నపుంసకుడైనా, పతితుడైనా స్త్రీకి మరో భర్త ఉండొచ్చని అందులో ఒక శ్లోకం ఉంది. ఐదింటిలో మొట్టమొదటిది కనబడకపోవడమే. 1855లో ఈశ్వరచంద్ర విద్యాసాగర్ ఈ శ్లోకాన్నే బయటికి తీసి పండితులతో వాదించాడు. కలియుగానికి పరాశరుడే ప్రమాణమని మీరే అంటారు కదా, మరి ఆయన మాట వినరేం అన్నది ఆయన ప్రశ్న. ఆ శ్లోకం నిశ్చితార్థమే అయిన పిల్ల గురించి అని అవతలివాళ్లు అడ్డుపడ్డారు. 1856లో వితంతు పునర్వివాహ చట్టం వచ్చింది. అయితే తెలుగునాట ఆ పందిరి పడడానికి ఇంకో పాతికేళ్లు పట్టింది. 1881 డిసెంబరు 11న రాజమహేంద్రవరంలో వీరేశలింగం పంతులుగారు మొదటి వితంతు వివాహం జరిపించారు. ఆయన చేతిలోనూ ఆ పరాశరుడే. కాకినాడ నుంచి పైడా రామకృష్ణయ్యగారు డబ్బు సర్దారు. పెళ్లికి వెళ్లినవాళ్లని వెలి వేశారు. అంటే చట్టమూ ఉంది, శ్లోకమూ ఉంది, మంత్రం చదవడానికి మనిషి దొరకడమే కష్టమైంది.

మన పురోహితులకి వంగడం చేతకాదనుకుంటే పొరపాటు. పెళ్లికి ముందు వాళ్లంత ఉదారులు లేరు. కుజదోషమా? కుజుడు స్వక్షేత్రంలో ఉంటే లేదు, ఇద్దరికీ ఉంటే లేదు, అదీ కుదరకపోతే శాంతి ఉంది. సగోత్రమా? పిల్లని మేనమామకి దత్తత ఇప్పించి గోత్రం మార్చేస్తే సరి. మేనరికం సంగతి చెప్పనే అక్కర్లేదు. మేనమామ కూతుర్ని, మేనత్త కూతుర్ని చేసుకోవడం దక్షిణాదివాళ్ల ఆచారమని బౌధాయన ధర్మసూత్రం ఏనాడో పట్టీలో రాసింది. తక్కినచోట తప్పయినది ఇక్కడ తప్పు కాదట. 1955 హిందూ వివాహ చట్టం కూడా ఆచారం ఉన్నచోట ఒప్పుకుంది. పంతులుగారి సర్దుబాటంతా తాళి కట్టేదాకానే. కట్టాక కాపురం చెడితే ఆయన దగ్గరికి వెళ్లేవాళ్లు తక్కువ, వెళ్లినా ఆయన పంచాంగంలో దానికి పేజీ లేదు. ఖాజీకి, పాస్టరుకి పని మొదలయ్యేది అక్కడే.

ఇక్కడ మౌలానా అష్రఫ్ అలీ థాన్వీ గురించి కాస్త ఆగి చెప్పాలి. ఉత్తరప్రదేశ్‌లోని థానా భవన్ ఆయన ఊరు. 'బిహిష్తీ జేవర్' రాసింది ఆయనే. పెళ్లికూతుళ్లకి ఆ పుస్తకాన్ని కానుకగా ఇచ్చే ముస్లిం ఇళ్లు ఈనాటికీ ఉన్నాయి. సంస్కర్త అని ఎవరూ అనరు, ఆయనా అనుకోలేదు, కరడుగట్టిన సంప్రదాయవాది. మన దేశంలో ఎక్కువమంది ముస్లింలు పాటించే హనఫీ సంప్రదాయంలో భర్త మాయమైతే భార్య అతని ఈడువాళ్లంతా పోయేదాకా ఆగాలి. లెక్కకి చెప్పాలంటే అతనికి తొంభై ఏళ్లు నిండేదాకా. పాతికేళ్ల పిల్లకి ఇది యావజ్జీవ శిక్ష. భార్య తనంతట తాను బయటపడే దారి దాదాపు లేదు, ఒక్కటి తప్ప. మతం వదిలేస్తే పెళ్లి దానంతటదే రద్దవుతుందని ఆనాటి కోర్టులు ఒప్పుకునేవి. పంజాబులో కొందరు స్త్రీలు అదే చేశారు. మతం మారారు, చెడ్డ మొగుడి నుంచి బయటపడ్డారు. మహాకవి ఇక్బాల్ కూడా తన ఉపన్యాసాల్లో ఈ సంగతి ఎత్తి, ఉలేమాని (మత పండితుల్ని) నిలదీశాడు.

థాన్వీ ఏం చేశారంటే, పక్కింటి పుస్తకం తెరిచారు. సున్నీల్లోనే మాలికీ సంప్రదాయం ఉంది. అందులో మాయమైన భర్త కోసం నాలుగేళ్లు ఆగితే చాలు. భరణం ఇవ్వకపోయినా, హింస పెట్టినా ఖాజీ పెళ్లిని రద్దు చేయొచ్చు. ఖాజీ లేనిచోట నీతిమంతులైన ముస్లింల బృందం ఆ పని చేయొచ్చు. థాన్వీ మదీనాలోని మాలికీ ముఫ్తీలకి (ధర్మనిర్ణయం చెప్పే పండితులకి) ఉత్తరాలు రాసి, అభిప్రాయాలు తెప్పించుకుని, 1931లో 'అల్ హీలతున్ నాజిజా' అనే పుస్తకం తెచ్చారు. పూర్తి పేరుకి అర్థం చూస్తే, నిస్సహాయురాలైన భార్యకి పనికొచ్చే ఉపాయం అని. మతం మారితే పెళ్లి రద్దవుతుందన్న పాత మాటని తీసేసి, మతంలో ఉండే బయటపడే దారి చూపించారు. అంత ఛాందసుడూ తన మతాన్ని కాపాడుకోవడానికే వంగాడని ఎవరైనా అంటే కాదనను. కారణం ఏదైనా తలుపు తెరుచుకుంది. ఆ పుస్తకం బాటలోనే శాసనసభ సభ్యుడు కాజ్మీ తెచ్చిన బిల్లు వచ్చింది, 1939లో అది ముస్లిం వివాహ రద్దు చట్టం అయింది. విచారించే జడ్జి ముస్లిమే అయి ఉండాలని ఉలేమా పట్టుబట్టిన నిబంధన మాత్రం శాసనసభలో కొట్టుకుపోయింది.

ఈ కథకి మన హైదరాబాద్‌లో తాజా అధ్యాయం ఉంది. భార్య కోరుకునే విడాకుల్ని ఖులా అంటారు. ఒక భార్యకి మత మండలి ఇచ్చిన ఖులా పత్రం చెల్లదంటూ భర్త వేసిన కేసులో 2025 జూన్‌లో తెలంగాణ హైకోర్టు తీర్పు చెప్పింది. ఖులా భార్యకి సంపూర్ణ హక్కు అనీ, దానికి భర్త ఒప్పుదల అవసరం లేదనీ, ముఫ్తీ మాట సలహా మాత్రమేననీ అంది. తెలంగాణలో ముస్లిం స్త్రీలకి ఈ తీర్పు తెలియాలి. చాలామంది ఇప్పటికీ ముఫ్తీ సంతకం కోసం నెలల తరబడి తిరుగుతున్నారు.

యూదుల్లో ఇదే స్థితిలో ఉన్న స్త్రీని 'అగునా' అంటారు, కట్టేసినది అని. ఆమెని విడిపించడానికి రబ్బీలు సాక్ష్యం నియమాల్నే సడలించారు. మామూలుగా ఇద్దరు సాక్షులు కావాల్సినచోట ఇక్కడ ఒక్కరు చాలు, అదీ స్త్రీ చెప్పినా చాలు. 2001 సెప్టెంబరు 11 తర్వాత న్యూయార్కులో భర్తల మృతదేహాలు దొరకని భార్యల కోసం అమెరికా బెత్ దిన్ (రబ్బీల న్యాయస్థానం) ఫోను రికార్డుల వంటివి కూడా ఆధారాలుగా చూసి వాళ్లకి స్వేచ్ఛ ఇచ్చింది.

ఇంత చెప్పి మతపెద్దలందరికీ దండ వేయను. వంగే గుణం రెండువైపులా పనిచేస్తుంది. దెబ్బలు తిన్న చెంపతో వచ్చిన ఆడమనిషికి, భార్య లోబడి ఉండాలన్న ఒక్క భాగమే చదివి వినిపించి పంపేసే పాస్టర్లు ఉన్నారు. దాని పక్కనే భర్త భార్యని తన శరీరంలా చూసుకోవాలని ఉంది, అది చదవరు. "సర్దుకుపోవాలమ్మా" అన్న మాటకి మన దగ్గర మతభేదం లేదు, ఉన్నదల్లా లింగభేదమే. పైగా ఈ పెద్దమనుషుల్లో చాలామందికి కౌన్సెలింగ్‌లో శిక్షణ లేదు, విన్నది లోపల పెట్టుకోవాలన్న నియమం లేదు. సోమవారం పొద్దున చెప్పుకున్న గోడు సాయంత్రానికి చెరువుగట్టు మీద తిరుగుతుంది. 1937లో న్యూయార్కులో నార్మన్ విన్సెంట్ పీల్ అనే పాస్టరు ఒక మానసిక వైద్యుణ్ణి పక్కన కూర్చోబెట్టుకుని తన చర్చిలోనే క్లినిక్ పెట్టాడు. మనకి ఆ మాత్రం వినయం ఇంకా రావాలి.

మళ్లీ ఆ కోనసీమ గదికి వస్తాను. పాస్టరు ఆమె మనసులో బరువు దించాడు, అది చిన్న పని కాదు. కానీ అతను ఇచ్చింది విడాకుల కాగితం కాదు. చర్చి మాట కోర్టులో చెల్లదని సుప్రీంకోర్టు 1996లోనే చెప్పింది. ఆమె మళ్లీ పెళ్లి చేసుకుంటే చట్టం దృష్టిలో అది నేరం. ఇంటికొచ్చాక లాయరు స్నేహితురాలికి ఫోన్ చేశాను. ఆవిడ చెప్పింది విని నాకే సిగ్గేసింది.

భర్త బతికున్నాడన్న కబురు లేదని విడాకులు కోరాలంటే హిందూ స్త్రీకి ఏడేళ్లు నిండాలి, క్రైస్తవురాలికీ ఏడేళ్లే. ముస్లిం స్త్రీకి 1939 చట్టం ప్రకారం నాలుగేళ్లు చాలు, థాన్వీ అరువు తెచ్చిన ఆ నాలుగేళ్లే. కానీ హిందూ, క్రైస్తవ చట్టాల్లో ఇంకో దారి ఉంది. భర్త రెండేళ్లు విడిచిపెట్టిపోతే అదొక్కటే చాలు. 1869 నాటి క్రైస్తవ విడాకుల చట్టంలో భర్తకి భార్య వ్యభిచారం ఒక్కటి చూపిస్తే సరిపోయేది, భార్య మాత్రం భర్త వ్యభిచారంతోపాటు క్రూరత్వమో, విడిచిపెట్టడమో కూడా రుజువు చేయాల్సి వచ్చేది. 2001లో ఆ తేడా తీసేశారు. భర్త ఎక్కడున్నాడో తెలియకపోతే కోర్టు అనుమతితో పేపర్లో ప్రకటన ఇచ్చి కేసు నడపొచ్చు.

ఆమె మూడేళ్లు ఎదురుచూసింది. చట్టం అడిగేది రెండేళ్లే. ఈ సంగతి ఆమెకీ తెలీదు, కొరింథీ, తిమోతి కంఠతా వచ్చిన పాస్టరుకీ తెలీదు, ఇన్నేళ్లుగా పత్రికల్లో రాస్తున్న నాకూ తెలీదు. ఆ రాత్రే పాస్టరుకి ఫోన్ చేసి చెప్పాను. "క్యాలెండరు మీద రాసుకుంటున్నానండీ, మళ్లీ చెప్పండి" అన్నాడు.

పాస్టర్లూ, ఖాజీలూ, పంతులుగార్లూ, మీరూ మీ గది గోడ మీద రాసుకోండి. ఆదాయం ఎంతైనా సరే, ఆడవాళ్లకి కోర్టు కేసులో ప్రభుత్వం లాయరుని ఉచితంగా ఇస్తుంది. న్యాయ సేవాధికార సంస్థ ఫోన్ నంబరు 15100.