నాదోపాసనకు వెల కట్టవచ్చునా?

"స్వామి సన్నిధిలో పాడడానికి కూడా డబ్బు అడుగుతారా?" శ్రీరామనవమి పందిళ్లలో, దేవీ నవరాత్రుల వేదికల వద్ద యువ కళాకారులకు తరచూ ఎదురయ్యే ప్రశ్న ఇది. పందిరి వేసినవారికి, మైకు అమర్చినవారికి, పూలు తెచ్చినవారికి లెక్క ప్రకారం చెల్లింపు జరుగుతుంది. పదిహేనేళ్లు సాధన చేసి వచ్చిన గాయనికి మాత్రం శాలువా, ప్రసాదం! వెంట వచ్చిన వయొలిన్, మృదంగ విద్వాంసులకు ఆమే తన చేతి నుంచి ఇచ్చుకోవాలి.

ఇందుకు ప్రమాణంగా త్యాగరాజస్వామిని (1767-1847) చూపుతుంటారు. తంజావూరు రాజాశ్రయాన్ని కాదని ఉంఛవృత్తితో జీవించిన మహనీయుడాయన. నిజమే. అయితే ఆయన వద్దన్నది నరస్తుతిని. వీధుల్లో పాడుతూ వచ్చిన ఆ భాగవతోత్తముని పాత్రలో తిరువయ్యారు గృహిణులు బియ్యం పోశారు. ఆ ఊరు తన గాయకుణ్ణి పోషించుకుంది. ఈ సంగతినే మనం మరచిపోతాం.

ఆ స్వామి సమాధిపై మందిరం నిర్మించినది బెంగుళూరు నాగరత్నమ్మ (1878-1952). దేవదాసీ కుటుంబంలో జన్మించి, మద్రాసులో స్థిరపడి, ఆదాయపు పన్ను కట్టేంతగా కచేరీలతో ఆర్జించిన విదుషీమణి. శిథిలావస్థలో ఉన్న సమాధి సంగతి తెలిసి చలించిపోయారు. 1921లో పనులు ఆరంభింపజేసి, 1925లో ప్రతిష్ఠ జరిపించారు. అందుకోసం నగలు సైతం అమ్ముకున్నారు. ఆరాధనలో స్త్రీలు పాడరాదన్న రోజుల్లో స్త్రీల చేత పాడించారు. తుదకు తన ఆస్తిని స్వామికే సమర్పించారు. పారితోషికం తీసుకోవడం అపచారమని ఆమె తలచి ఉంటే, పుష్య బహుళ పంచమినాడు వేలాది భక్తులు చేరే ఆ సన్నిధి ఏ స్థితిలో ఉండేదో!

నేడు రాజులు లేరు, బియ్యం పోసే వీధులూ లేవు. కచేరీల మీదే ఆధారపడి బతకగలిగేవారు బహుకొద్దిమంది. అందుకే ఆకాశవాణి గ్రేడు కోసం శ్రమిస్తూనే, తెల్లవారుజామున లేచి అమెరికాలోని తెలుగు పిల్లలకు అంతర్జాలంలో సరళీస్వరాలు నేర్పుతున్నారు. సొంతంగా రికార్డింగులు విడుదల చేస్తున్నారు. త్యాగరాజ కృతి అందరి సొత్తు. కానీ దానిని పాడిన గళానికి హక్కు ఉంది. వాణిజ్యపరంగా వాడుకుంటే గాయకులకూ రాయల్టీ చెల్లించాలని 2012 నాటి కాపీరైట్ చట్ట సవరణ చెబుతోంది. ఆ విషయం తెలిసిన కళాకారులే తక్కువ.

కొందరు యువ విద్వాంసులు కచేరీ ఒప్పుకునే ముందే పారితోషికం, పక్కవాద్యాల వారి వాటా, ప్రయాణ ఖర్చులు కాగితంపై రాయించుకుంటున్నారు. అలా అడిగినందుకు "వీరికి భక్తి లేదు" అనిపించుకున్నవారూ ఉన్నారు. అయినా మృదంగ విద్వాంసుని ఇంటి అద్దె నెల మొదటి తేదీకే కట్టాలి కదా!