నాయకుల వ్యక్తిగత జీవితం: ప్రజల హక్కు ఎంతవరకు?

ఎన్నికలు సమీపిస్తే చాలు, సెల్‌ఫోన్లలో కొత్త సరుకు దిగుతుంది. ఫలానా నాయకుని ఇంటి గొడవ, ఫలానా నాయకురాలి విడాకుల కథ, ఎవరో చాటుగా తీసిన వీడియో. చూసినవారు ఊరుకోరు, పదిమందికి పంపుతారు. ఇదేమిటని అడిగితే, ‘ఆయన ప్రజల మనిషి కదా, ప్రజలకు తెలియవద్దా?’ అంటారు. ఈ ప్రశ్న తేలికగా కొట్టివేయదగినది కాదు. తెరను పూర్తిగా చించివేస్తే ఏ కుటుంబానికీ గౌరవం మిగలదు. పూర్తిగా దించివేస్తే దాని చాటున అక్రమాలు పెరుగుతాయి. మరి హద్దు ఎక్కడ?

1981 నుండి 1995 వరకు ఫ్రాన్స్ అధ్యక్షునిగా ఉన్న ఫ్రాంస్వా మిత్తరాన్ ఉదంతం ఈ విషయంలో ఎంతో బోధిస్తుంది. ఆయనకు వివాహేతర సంబంధం ద్వారా ఒక కుమార్తె ఉన్నది. ఈ సంగతి పాత్రికేయులలో పలువురికి తెలిసినా ఏళ్ళ తరబడి ఎవరూ వ్రాయలేదు. 1994 నవంబరులో ఒక వారపత్రిక తండ్రీకూతుళ్ళ ఛాయాచిత్రాలు ప్రచురించిన తరువాతే దేశమంతటికీ తెలిసింది.

ఆయన దాచిన రహస్యం మరొకటి కూడా ఉన్నది. పదవి చేపట్టిన కొద్ది నెలలకే ఆయనకు క్యాన్సర్ ఉన్నట్లు వైద్యులు గుర్తించారు. తన ఆరోగ్య నివేదికలను క్రమం తప్పక ప్రకటిస్తానని ఆయన ప్రజలకు మాట ఇచ్చి ఉన్నాడు. నివేదికలు వెలువడుతూనే వచ్చాయి, కాని వాటిలో జబ్బు ఊసే లేదు. ఆ స్థితిలోనే 1988లో మళ్ళీ ఎన్నికయ్యాడు. 1992లో శస్త్రచికిత్స జరిగిన తరువాతే క్యాన్సర్ సంగతి బయటికి వచ్చింది.

ఈ రెండింటిలో ప్రజలకు తెలియవలసినది ఏది? ఏ తప్పూ చేయని బాలిక పుట్టుక వీధిలో చర్చకు రావలసిన అవసరం లేదు. అబద్ధపు నివేదిక చూపి ఓటు అడగటం మాత్రం ప్రజలను వంచించటమే. అయితే కథ అక్కడితో ఆగలేదు. ఆ తల్లీబిడ్డలకు వసతి, రక్షణ ప్రభుత్వ ఖర్చుతోనే సమకూరాయి. అధ్యక్ష భవనంలోని ఒక ప్రత్యేక బృందం పాత్రికేయులు మొదలైన పలువురి టెలిఫోన్లను రహస్యంగా విన్నది. ఆయన వ్యక్తిగత రహస్యాలు బయటపడకుండా చూడటం కూడా ఆ నిఘా ఉద్దేశాలలో ఒకటి. 2005లో పారిస్ న్యాయస్థానం ఆ వ్యవహారంలో పలువురిని దోషులుగా తేల్చింది. తన ఇంటి గుట్టు కాపాడుకోవటానికి ఇతరుల ఇళ్ళలో చెవులు పెట్టిననాడు అది సొంత వ్యవహారం కాకుండా పోయింది.

ఇస్లాం ఈ హద్దును ఎంతో స్పష్టంగా గీసింది. ఇతరుల రహస్యాలు కూపీ తీయవద్దని, పరోక్షనింద చేయవద్దని దివ్యఖుర్ఆన్ హుజురాత్ సూరాలో ఆదేశించింది. అనుమతి లేనిదే ఇతరుల ఇళ్ళలో ప్రవేశించరాదని నూర్ సూరా బోధించింది. శీలవతులపై నింద మోపి నలుగురు సాక్షులను తీసుకురాలేనివారికి ఎనభై కొరడా దెబ్బల శిక్ష విధించింది. ఈ ఆజ్ఞలలో నాయకులకు గాని, ప్రత్యర్థులకు గాని మినహాయింపు లేదు.

అదే ధర్మం పదవిలో ఉన్నవారిని నిలదీయటమూ నేర్పింది. జకాత్ వసూలుకు వెళ్ళివచ్చిన ఒక అధికారి, ‘ఇది మీది, ఇది నాకు కానుకగా వచ్చింది’ అన్నాడు. దైవప్రవక్త (స) ఆ మాటను నలుగురిలోనే ఖండించారు. అతడు తల్లిదండ్రుల ఇంట కూర్చుని ఉంటే ఆ కానుక వచ్చేదా అని మింబర్ మీది నుండి ప్రశ్నించారు. ఆయన అతని ఇంట్లోకి తొంగిచూడలేదు. పదవి వల్ల ఇంట్లోకి వచ్చిన సొమ్మును గురించి అడిగారు. హజ్రత్ ఉమర్ (రజి) ఒంటిమీది వస్త్రానికి అదనపు గుడ్డ ఎక్కడిదని ఒక సామాన్యుడు సభలోనే ప్రశ్నించిన ఉదంతం సుప్రసిద్ధం. తన వంతు గుడ్డను తండ్రికి ఇచ్చానని కుమారుడు సాక్ష్యం చెప్పిన తరువాతే ప్రసంగం సాగింది.

మన దేశ చట్టమూ ఇంచుమించు ఇదే బాటలో నడిచింది. అభ్యర్థులు తమ నేరచరిత్రను, తమ ఆస్తులతో పాటు జీవిత భాగస్వామి ఆస్తులనూ ప్రకటించాలన్న నియమం 2002, 2003 సంవత్సరాల సుప్రీంకోర్టు తీర్పులతో స్థిరపడింది. గోప్యత ప్రాథమిక హక్కు అని 2017లో తొమ్మిదిమంది న్యాయమూర్తుల ధర్మాసనం ప్రకటించింది. అభ్యర్థిత్వంతో సంబంధం లేని విషయాలలో అభ్యర్థికి కూడా గోప్యత ఉంటుందని 2024లో అదే కోర్టు చెప్పింది.

కనుక ఒక వార్త చేతికి అందినప్పుడు మనం కొన్ని ప్రశ్నలు వేసుకోవాలి. ఇందులో ప్రజాధనం ఉన్నదా? అధికార దుర్వినియోగం ఉన్నదా? ప్రజలకు చెప్పిన అబద్ధం ఉన్నదా? ఎవరికైనా అన్యాయం జరిగిందా? చివరి ప్రశ్న మరీ ముఖ్యం. ఒక స్త్రీ తనను నాయకుడు వేధించాడని ఫిర్యాదు చేస్తే, అది ఆయన సొంత విషయమని నోరు మూయించటం గోప్యత కాదు, దౌర్జన్యం. చెడును బహిరంగంగా చాటటం అల్లాహ్‌కు ఇష్టం లేదని చెప్పిన ఖుర్ఆనే అన్యాయానికి గురైనవారికి ఆ మినహాయింపు ఇచ్చింది.

ఈ నాలుగింటిలో ఏదీ లేకపోతే మిగిలేది వినోదం మాత్రమే. ఆ వినోదానికి మూల్యం చెల్లించేది నాయకుడొక్కడే కాదు. మరునాడు బడిలో తోటిపిల్లల ముందు తల దించుకునే ఆయన బిడ్డలూ, బంధువుల ముందు నోరు విప్పలేని ఆయన భార్యా చెల్లిస్తారు. మనకు నచ్చని పార్టీ నాయకుని గురించిన కబురు అందినప్పుడే మన న్యాయబుద్ధికి అసలు పరీక్ష. నిజానిజాలు విచారించకుండా పంపితే అభాండం కావచ్చు. నిజమే అయినా, అవసరం లేకుండా పంపితే పరోక్షనింద అవుతుంది. నాయకుడు తన పదవికి జవాబుదారి అయినట్లే, ఫోను పట్టుకున్న మన వేలు కూడా జవాబుదారియే.