పేజీలు లెక్కపెట్టే పుస్తకం

మీ అమ్మమ్మనో, నాయనమ్మనో ఒకసారి అడిగి చూడండి - "మీ రోజుల్లో నవలలు ఎక్కడ దొరికేవి?" అని. చాలామంది చెప్పే జవాబు ఒకటే: "అద్దె పుస్తకాల షాపులో."

బజారులో ఒక చిన్న కొట్టు. గోడల నిండా అట్టలు వేసి దారంతో కుట్టిన నవలలు. కొంత డిపాజిట్టు కట్టి పుస్తకం ఇంటికి పట్టుకెళ్ళవచ్చు. రోజుకింత అని అద్దె. ఆలస్యమైతే అద్దె పెరుగుతుంది గనక రాత్రికి రాత్రే చదివేసి తెల్లవారగానే తిరిగి ఇచ్చేసేవాళ్ళుండేవారు. యద్దనపూడి సులోచనారాణి నవల కొత్తది వచ్చిందంటే దానికోసం వంతు కాచుకోవలసిందే.

ఆ షాపు యజమాని పుస్తకాన్ని ఒక్కసారే కొనేవాడు. ఆ తర్వాత దాన్ని వందమంది అద్దెకు తీసుకున్నా రచయితకు అదనంగా ఒక్క పైసా ముట్టేది కాదు. మీరు దాన్ని చివరిదాకా చదివారో, పదో పేజీలోనే నిద్రపోయారో ఆ యజమానికి తెలిసేదీ కాదు.

ఇప్పుడు ఆ అద్దె షాపు ఫోనులోకి వచ్చి కూర్చుంది. నెలకింత అని చందా కడితే లక్షల పుస్తకాల్లో మీకు కావలసినవి చదువుకోవచ్చు. అమెజాన్ కంపెనీ 'కిండిల్ అన్‌లిమిటెడ్' పేరుతో ఇలాంటి చందా పద్ధతిని 2014 జూలైలో అమెరికాలో ప్రారంభించింది. అప్పుడు నెలకు 9 డాలర్ల 99 సెంట్లు. 2015 సెప్టెంబరులో అది మన దేశానికీ వచ్చింది. కొత్త షాపుకూ పాత షాపుకూ పెద్ద తేడా ఒకటుంది. మీరు ఎంతదాకా చదివారో కొత్త షాపుకు తెలుసు!

మరి పాఠకుడు పుస్తకానికి ఇంత అని కాక నెలకు ఇంత అని ఇస్తున్నాడు గదా, అందులో ఏ రచయితకు ఎంత ఇవ్వాలి? వినడానికి చిన్న ప్రశ్నే. కానీ దీని జవాబు మారినప్పుడల్లా పుస్తకాల ఆకారమే మారిపోయింది. ఎలాగో చూద్దాం.

సొంతంగా పుస్తకాలు ప్రచురించుకునే రచయితల కోసం అమెజాన్ ప్రతినెలా ఒక నిధిని విడిగా పెడుతుంది. 2014 జూలైలో ఆ నిధి 25 లక్షల డాలర్లు. 2022 నాటికి నెలకు 4 కోట్ల డాలర్లు దాటింది. ఈ నిధిని పంచడానికి మొదట పెట్టుకున్న నియమం ఇది: పాఠకుడు ఒక పుస్తకంలో పదోవంతు దాటి చదివితే ఆ పుస్తకానికి ఒక వాటా. తొలి నెలల్లో ఆ వాటా సుమారు ఒకటిన్నర డాలరు ఉండేది.

ఇందులో ఉన్న చిక్కు మీకీపాటికి తోచే ఉంటుంది. కాగితం, పెన్సిలు తీసుకోండి. 600 పేజీల నవలలో పదోవంతు 60 పేజీలు. 30 పేజీల చిన్న పుస్తకంలో పదోవంతు 3 పేజీలు. అరవై పేజీలు చదివించగలిగినవాడికీ, మూడు పేజీలు తిప్పించగలిగినవాడికీ ఒకటే వాటా! రెండేళ్ళు కూర్చుని పెద్ద నవల రాయడం దేనికి? దాన్నే ఇరవై ముక్కలు చేసి ఇరవై పుస్తకాలుగా అమ్మితే ఇరవై వాటాలు వస్తాయి. చాలామంది సరిగ్గా అదే చేశారు. చిట్టి పుస్తకాలు పుట్టగొడుగుల్లా మొలిచాయి.

దాంతో 2015 జూలై 1న కంపెనీ నియమం మార్చింది. ఇకనుంచి వాటా పుస్తకానికి కాదు, చదివిన పేజీకి. ఆ నెల అందరు పాఠకులూ కలిసి చదివిన పేజీలన్నిటితో నిధిని భాగిస్తే పేజీ ధర వస్తుంది. అది సెంటులో సుమారు సగం. 300 పేజీల పుస్తకాన్ని ఒకరు పూర్తిగా చదివితే దాదాపు ఒకటిన్నర డాలరు. మధ్యలో వదిలేస్తే వదిలినంత వరకే.

న్యాయంగానే కనిపిస్తోంది కదూ? కానీ చిన్నపిల్లల కోసం రాసేవారి గతి ఆలోచించండి. 24 పేజీల బొమ్మల పుస్తకాన్ని ఒక పాప ఒక్క పేజీ వదలకుండా చూసినా, ఆ లెక్కన వచ్చేది 12 సెంట్లు. రంగుల బొమ్మలు వేయడానికి పట్టిన నెలలు ఈ లెక్కలోకి రావు. అదే పాప దాన్ని వందసార్లు చూసినా, మొదటిసారికే డబ్బు. పిల్లలు ఇష్టమైన పుస్తకాన్ని ఎన్నిసార్లు చూస్తారో మీకు నేను చెప్పాలా?

అసలు ఇంకో చిక్కుంది. ఇ-బుక్కులో 'పేజీ' అంటే ఏమిటి?

అచ్చు పుస్తకంలో పేజీ కదలదు. మీ పాఠ్యపుస్తకంలో 42వ పేజీ అంటే తరగతిలో అందరికీ 42వ పేజీయే. ఇ-బుక్కు అలా కాదు. అక్షరాల సైజు పెంచితే పేజీలు పెరుగుతాయి, తగ్గిస్తే తగ్గుతాయి. ఒక చిన్న ప్రయోగం చేయండి. ఒక పాఠాన్ని మీ మామూలు దస్తూరీలో రాయండి. ఎన్ని పేజీలు పట్టిందో చూసుకోండి. అదే పాఠాన్ని అక్షరాలు రెట్టింపు ఎత్తు, రెట్టింపు వెడల్పు వచ్చేలా మళ్ళీ రాయండి. రెట్టింపు పేజీలు సరిపోతాయనుకుంటారు. కాదు, వరుసలూ సగమవుతాయి, వరుసకు పట్టే అక్షరాలూ సగమవుతాయి గనక దాదాపు నాలుగింతలు కావాలి.

కాబట్టి కంపెనీ తనదైన ఒక కొలత పేజీని తయారుచేసుకుంది. రచయిత అక్షరాలు ఎంత పెద్దవిగా పెట్టినా, వరుసల మధ్య ఎంత ఖాళీ వదిలినా, పుస్తకాన్ని ఒకే సైజు అక్షరాల్లోకి, ఒకే ఎడంలోకి మార్చి లెక్కవేస్తారు. బట్టల కొట్లో మూర బదులు మీటరు వచ్చినట్లన్నమాట. అమ్మేవాడి చెయ్యి పొడుగైనా పొట్టి అయినా మీటరు మారదు.

కొలబద్ద వచ్చిందనేసరికి దాన్ని మోసగించే ఉపాయమూ వచ్చింది. ఆ రోజుల్లో చదివే యంత్రం ప్రతి పేజీనీ లెక్కపెట్టేది కాదు. పాఠకుడు పుస్తకంలో అన్నిటికంటే దూరంగా ఎక్కడిదాకా వెళ్ళాడో ఆ చోటు మాత్రం గుర్తుపెట్టుకుని, ఇంటర్నెట్ దొరకగానే కంపెనీ కంప్యూటరుకు చెప్పేది. కొందరు టక్కరులు దీన్ని కనిపెట్టారు. పనికిరాని రాతతో వేల పేజీల పుస్తకం తయారుచేసి, మొదటి పేజీలోనే ఒక మీట లాంటిది పెట్టారు. బహుమతి కావాలంటే ఇక్కడ తాకండి, విషయసూచిక చివర ఉంది చూడండి, ఇలాంటి మాటలు. పాఠకుడు తాకగానే పుస్తకం చివరి పేజీ తెరుచుకునేది. వేల పేజీలు చదివినట్లు లెక్క!

దీనివల్ల నష్టం కంపెనీకనుకుంటున్నారా? కాదు. నిధి ముందే నిర్ణయమైపోయింది. లెక్క వేద్దాం. నిధి 1,000 రూపాయలు అనుకుందాం. సీత పుస్తకంలో 500 పేజీలు, రహీము పుస్తకంలో 300, డేవిడ్ పుస్తకంలో 200 చదివారు. మొత్తం 1,000 పేజీలు. పేజీకి రూపాయి. సీతకు 500 రూపాయలు. ఇప్పుడు టక్కరి ఒకడు వచ్చి 3,000 దొంగ పేజీలు చేర్చాడు. మొత్తం 4,000 పేజీలు. పేజీకి పావలా. సీతకు 125 రూపాయలే. టక్కరికి 750! సీత పుస్తకం చదివినవాళ్ళు ఒక్కరూ తగ్గలేదు. అయినా ఆమె రాబడిలో ముప్పాతిక భాగం మాయమైపోయింది.

2016 ఫిబ్రవరిలో కంపెనీ ఒక హద్దు పెట్టింది. ఎంత పెద్ద పుస్తకమైనా ఒక పాఠకుడు చదివినందుకు 3,000 పేజీలకు మించి లెక్కలోకి రావు. మోసం ఆగిపోలేదు గానీ తగ్గింది. తర్వాత కంప్యూటరే కథలు అల్లే కాలం వచ్చింది. 2023 సెప్టెంబరులో ఒక రచయిత రోజుకు మూడుకు మించి కొత్త పుస్తకాలు పెట్టరాదని ఇంకో నియమం చేశారు. రోజుకు మూడు పుస్తకాలు! నన్నడిగితే, అలాంటి నియమం అవసరమయ్యిందన్న సంగతే అసలు వార్త.

డబ్బిచ్చే పద్ధతి పుస్తకం ఆకారాన్ని మార్చడం కొత్తేమీ కాదు. 1842లో ఇంగ్లండులో చార్లెస్ ఎడ్వర్డ్ మూడీ అనే ఆయన పుస్తకాలు చందాకిచ్చే లైబ్రరీ ఒకటి పెట్టాడు. ఏడాదికి ఒక గినీ, అంటే 21 షిల్లింగులు కడితే ఒకసారికి ఒక సంపుటం ఇంటికి తీసుకుపోవచ్చు. అప్పట్లో కొత్త నవల మూడు సంపుటాలుగా వచ్చేది. దాని ధర ముప్పైఒకటిన్నర షిల్లింగులు. ఒక కూలీ వారం సంపాదన కంటే ఎక్కువ. కొనలేని జనం మూడీ దగ్గరికి పరుగెత్తారు. ఒక్క నవలనే ఒకేసారి ముగ్గురికి, ఒక్కో సంపుటం చొప్పున ఇవ్వవచ్చు గనక మూడీకీ మూడు సంపుటాలే లాభం. అందరికంటే ఎక్కువగా కొనేది ఆయనే గనక ప్రచురణకర్తలూ మూడే కావాలనేవారు. కథ రెండు సంపుటాలకే చాలినా, రచయిత దాన్ని సాగదీసి మూడో సంపుటం నింపవలసి వచ్చేది. చివరికి 1894లో మూడీ లైబ్రరీ, మరో పెద్ద లైబ్రరీ కలిసి సంపుటానికి 4 షిల్లింగుల కంటే ఎక్కువ ఇవ్వబోమని ప్రకటించాయి. కొద్ది ఏళ్ళలోనే మూడు సంపుటాల నవల అంతరించింది. ఇంగ్లీషు నవలలు సన్నబడ్డాయి!

ఇక చందా పుస్తకంలో ఉన్న రెండో సంగతి - తాళం. ఇలాంటి పుస్తకం మీ ఫోనులోకి మామూలు అక్షరాలుగా రాదు. గుప్తలిపిలోకి మార్చి పంపుతారు. దాన్ని మళ్ళీ అక్షరాలుగా విప్పే తాళంచెవి కూడా ఒక పెద్ద అంకె. మీ చందా నడుస్తున్నంతకాలం తాళంచెవి పనిచేస్తుంది. చందా ఆగితే పుస్తకం తెరుచుకోదు. మనం కొన్నది పుస్తకాన్ని కాదు, చదువుకునే అనుమతిని.

చందాకు తీసుకున్నవే కాదు, 'కొన్న' ఇ-బుక్కులదీ ఇదే కథ. 2009 జూలైలో అమెరికాలో కొందరు కిండిల్ తెరిచి చూసేసరికి, డబ్బిచ్చి కొన్న జార్జి ఆర్వెల్ పుస్తకాలు అందులో లేవు. వాటిని అమ్మిన సంస్థకు ఆ హక్కే లేదని తెలిసి, అమెజాన్ వాటిని దూరంనుంచే తుడిచివేసి డబ్బు తిరిగి ఇచ్చింది. అలా పోయినవాటిలో ఒకటి '1984' అనే నవల. ప్రభుత్వం తనకు ఇష్టంలేని కాగితాలను మాయం చేసే కథ అది! మిషిగన్ రాష్ట్రంలో ఒక హైస్కూలు విద్యార్థి ఆ నవల మీద బడి పనికోసం పేజీపేజీకీ నోట్సు రాసుకున్నాడు. పుస్తకం పోయేసరికి ఏ నోటు ఏ వాక్యానికి సంబంధించిందో తెలియక ఆ శ్రమంతా వృథా అయింది. అతను కోర్టుకు వెళ్ళాడు. ఆ దావా రాజీతో ముగిసింది. 2019లో మైక్రోసాఫ్ట్ కంపెనీ తన పుస్తకాల దుకాణం మూసినప్పుడు కొన్నవాళ్ళందరి పుస్తకాలూ ఒక్కసారిగా పోయాయి. డబ్బు తిరిగి ఇచ్చారు. నోట్సు రాసుకున్నవారికి అదనంగా 25 డాలర్లు ఇచ్చారు.

లైబ్రరీలకూ ఈ తాళం బాధ తప్పలేదు. 2011లో హార్పర్‌కాలిన్స్ అనే ప్రచురణ సంస్థ లైబ్రరీలకు ఒక షరతు పెట్టింది. ఒక ఇ-బుక్కును 26 సార్లు పాఠకులకిచ్చాక అది తెరుచుకోదు, మళ్ళీ కొనాలి. మనిషికి రెండు వారాల చొప్పున లెక్కిస్తే 26 సార్లంటే సరిగ్గా ఏడాది. కాగితం పుస్తకమైతే చిరిగిపోతుంది గదా అని వారి వాదన. ఎన్నటికీ నలగని పేజీని లెక్క కోసం నలిగిపోయినట్లు నటింపజేశారన్నమాట! లైబ్రేరియన్లకు చాలా కోపం వచ్చింది. కొందరు ఆ సంస్థ పుస్తకాలు కొనడమే మానేశారు.

తెలుగు సంగతేమిటని అడుగుతారా? 2016 డిసెంబరులో కిండిల్‌లో అయిదు భారతీయ భాషల పుస్తకాలు మొదలుపెట్టారు. అవి హిందీ, తమిళం, మరాఠీ, గుజరాతీ, మలయాళం. తెలుగు వాటిలో లేదు. తెలుగు కథలు ఫోనులోకి ఎక్కువగా ఇతర దారుల్లో వచ్చాయి. బెంగుళూరులో పుట్టిన 'ప్రతిలిపి'లో తెలుగు సీరియళ్ళు భాగాలు భాగాలుగా వస్తాయి. వెనకటి వారపత్రిక సీరియల్ చదివినవారికి వాటి ధోరణి వెంటనే తెలిసిపోతుంది. ప్రతి భాగం చివరా ఎవరో తలుపు కొడతారు!

చందా కట్టేది పాఠకుడే కానక్కరలేదు. 'వన్ నేషన్ వన్ సబ్‌స్క్రిప్షన్' అనే పథకాన్ని కేంద్రప్రభుత్వం 2024 నవంబరులో ఆమోదించింది. ఇది కథల పుస్తకాలకు కాదు, శాస్త్ర పరిశోధన పత్రికలకు. 30 ప్రచురణ సంస్థల నుంచి వచ్చే సుమారు 13,000 పత్రికలకు దేశం మొత్తం మీద ఒకే చందా. ప్రభుత్వ విశ్వవిద్యాలయాలు, కాలేజీలు, పరిశోధనశాలలు కలిపి 6,000కు పైగా సంస్థల్లో ఉన్నవారు వాటిని చదవవచ్చు. అంతకుముందు కొనగలిగిన పెద్ద సంస్థలకే అందిన పత్రికలు చిన్న ఊరి ప్రభుత్వ కాలేజీ విద్యార్థికీ అందుతాయి. ఇందుకు 2025, 2026, 2027 సంవత్సరాలకు కేటాయించిన మొత్తం 6,000 కోట్ల రూపాయలు. ఆ తర్వాత ఈ తాళం మళ్ళీ తెరుచుకోవాలంటే మళ్ళీ చందా కట్టవలసిందే.