పొట్టలోని పొరుగువాళ్లు!

క్యాన్సర్ కణాల మీదకి వదిలిన మందు పేగుల్నీ వదలదు. కీమో మొదలైన కొన్ని రోజులకే నోటిపూత, వాంతులు, విరేచనాలు. ఆ బాధ తట్టుకోలేక చికిత్సనే మధ్యలో మానేసేవాళ్లూ ఉంటారు. దీనికి విరుగుడు పేగుల్లో కాపురముండే బ్యాక్టీరియా దగ్గరే ఉందేమోనని వెతుకుతున్నారు శాస్త్రవేత్తలు.

చిల్కూరు బాలాజీ గుడిలో కోరిక చెప్పుకుని 11 ప్రదక్షిణలు చేస్తారు. తీరితే మళ్లీ వచ్చి 108 చేస్తారు. వీసా మొక్కుల గురించే అంతా చెప్పుకుంటారు కానీ, ఇంట్లోవాళ్ల జబ్బు నయం కావాలన్న మొక్కులకీ ఆ ప్రదక్షిణలే. ఆ చుట్టుపక్కల మొయినాబాద్, చేవెళ్ల పల్లెల్లో ఎవరికైనా క్యాన్సర్ వస్తే చాలామందికి హైదరాబాదే దిక్కు. రెడ్‌హిల్స్‌లో 1955 నుంచీ పనిచేస్తున్న ఎం.ఎన్.జె. ప్రభుత్వ క్యాన్సర్ ఆసుపత్రి లాంటి చోట్లకి వెళ్తారు. చాలా రకాల కీమోలకి పొద్దున వెళ్లి, మందు ఎక్కించుకుని, సాయంత్రానికి ఇల్లు చేరొచ్చు. అసలు కష్టం ఆ తర్వాతే మొదలవుతుంది. పేగులు మొరాయించే సమయానికి పక్కన డాక్టరు ఉండరు, ఇంట్లోవాళ్లే ఉంటారు!

ఎందుకీ బాధ?

కీమో మందులు చాలావరకూ వేగంగా విభజన చెందే కణాలపై దాడిచేస్తాయి. క్యాన్సర్ కణాల లక్షణం అదే. కానీ పేగుల లోపలి పొరదీ అదే తీరు. కొద్దిరోజులకోసారి ఆ పొర పూర్తిగా కొత్తదైపోతుంది. మందు దెబ్బకి ఆ మరమ్మతు ఆగిపోతుంది. పొర పుండుపడుతుంది, తిన్నది ఒంటబట్టదు, నీళ్ల విరేచనాలు పట్టుకుంటాయి. గర్భాశయ ముఖద్వార క్యాన్సర్‌కి పొత్తికడుపు మీద రేడియేషన్ ఇచ్చినా ఇదే తంతు.

ఈ కథలో మన తెలుగాయనకీ చోటుంది. భీమవరంలో 1895లో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు అన్నదమ్ములిద్దరిని పోగొట్టుకున్నది స్ప్రూ అనే పేగుల జబ్బుకే. అమెరికాలో లెడర్లీ సంస్థలో ఆయన బృందం తయారుచేసిన ఫోలిక్ యాసిడ్ ఆ జబ్బుకి మందైంది. దాని పనిని అడ్డుకునే మందుల్నీ వాళ్లే రూపొందించారు. వాటిలో ఒకటైన అమినోప్టెరిన్‌తో బోస్టన్‌లో డాక్టర్ సిడ్నీ ఫార్బర్ పిల్లల్లో రక్తక్యాన్సర్‌ని కొంతకాలమైనా తగ్గించగలిగారు. ఆ ఫలితాలు 1948లో వెలువడ్డాయి. సుబ్బారావు కన్నుమూసిందీ ఆ ఏడాదే. అదే కుటుంబానికి చెందిన మెథోట్రెక్సేట్‌ని ఇప్పటికీ వాడుతున్నారు. అంత గొప్ప మందూ నోటినీ పేగుల్నీ పుండు చేయగలదు!

మళ్లీ విషమైపోతుంది

మన పేగుల్లో లక్షల కోట్ల సూక్ష్మజీవులు ఉంటాయి. పీచుని అరిగిస్తాయి, కొన్ని విటమిన్లు తయారుచేస్తాయి, హాని చేసే క్రిములకి చోటు లేకుండా చేస్తాయి. కీమో, యాంటీబయోటిక్స్ కలిసి ఈ ఊరిని చిందరవందర చేస్తాయి.

ఒక్కోసారి ఆ పొరుగువాళ్లే తంటా తెచ్చిపెడతారు. పెద్దపేగు క్యాన్సర్‌కి ఇచ్చే ఇరినోటెకాన్‌నే తీసుకోండి. పని పూర్తయ్యాక కాలేయం దానికి ఓ చక్కెర తోక తగిలించి, విషం విరిచి పేగుల్లోకి పంపేస్తుంది. అక్కడి బ్యాక్టీరియా తమకి కావాల్సిన ఆ తోకని కత్తిరించుకుంటాయి. మందు మళ్లీ విషమై పేగుల్ని కాల్చేస్తుంది! ఆ కత్తెరలా పనిచేసే ఎంజైముని అడ్డుకుంటే ఎలుకలకి విరేచనాలు తగ్గాయని అమెరికాలోని నార్త్ కరోలినా విశ్వవిద్యాలయ శాస్త్రవేత్తలు 2010లో చూపించారు. బ్యాక్టీరియాని చంపకుండా, అవి చేసే ఒక్క పనిని ఆపడమే ఇందులో కిటుకు.

మంచి బ్యాక్టీరియా మింగితే?

థాయ్‌లాండ్‌లో రేడియేషన్, కీమో కలిపి తీసుకుంటున్న 63 మంది గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ రోగుల్లో సగంమందికి లాక్టోబాసిల్లస్, బైఫిడోబ్యాక్టీరియం గుళికలు ఇచ్చారు. మిగతావారికి ఉత్తుత్తి గుళికలు. 2010లో వచ్చిన ఫలితాల ప్రకారం, ఒక మోస్తరు నుంచి తీవ్రమైన విరేచనాలు ఉత్తుత్తి గుళికలవారిలో 45 శాతానికి వస్తే, అసలువి మింగినవారిలో 9 శాతానికే వచ్చాయి. పొత్తికడుపు రేడియేషన్ తీసుకునేవారికి లాక్టోబాసిల్లస్ ఉపయోగపడొచ్చని అంతర్జాతీయ మార్గదర్శకాలూ చెబుతున్నాయి. అయితే ఇలాంటి అధ్యయనాలన్నిటినీ 2018లో ఒకచోట చేర్చి చూసిన కోక్రేన్ నిపుణులు, ఆధారాలు ఇంకా బలంగా లేవన్నారు.

జాగ్రత్తా అవసరమే. కీమోతో తెల్లరక్తకణాలు పడిపోయినప్పుడు మంచి బ్యాక్టీరియా కూడా రక్తంలోకి చేరి ఇన్ఫెక్షన్ కావచ్చు. అందుకే మందుల షాపులో అడిగి తెచ్చుకుని మింగే వ్యవహారం కాదిది.

వినడానికే ఇబ్బందైన మరో చికిత్సా ఉంది. అదే మలమార్పిడి. ఆరోగ్యవంతుల మలాన్ని పరీక్షించి, శుద్ధిచేసి, అందులోని సూక్ష్మజీవుల్ని రోగి పేగుల్లోకి పంపుతారు. ఇమ్యునోథెరపీతో పెద్దపేగు వాచి, మందులకి లొంగని ఇద్దరు రోగులు దీంతో కోలుకున్నారని అమెరికాలోని ఎం.డి. ఆండర్సన్ క్యాన్సర్ కేంద్రం వైద్యులు 2018లో ప్రకటించారు. మూత్రపిండాల క్యాన్సర్ మాత్రలతో వచ్చే విరేచనాలకి 2020లో ఇటలీ వైద్యులు 20 మందిలో పరీక్షించినప్పుడూ మేలు కనిపించింది. కానీ 2019లో అమెరికాలో దాత మలంలోని మొండి క్రిమి సోకి ఒకరు చనిపోయారు. అందుకే ఇది పరిశోధనలు చేసే పెద్ద ఆసుపత్రులకే పరిమితం.

ఇంట్లో ఏం చేయాలి?

* విరేచనాలు మొదలవగానే లీటరు ప్యాకెట్ ఓఆర్ఎస్‌ని సరిగ్గా లీటరు కాచి చల్లార్చిన నీటిలో కలిపి, కొద్దికొద్దిగా తాగించాలి.
* గంజి, మెత్తటి అన్నం, అరటిపండు, ఉడికించిన క్యారెట్ పెట్టొచ్చు. కారం, వేపుళ్లు, పచ్చి కూరలు వద్దు.
* పెరుగు, మజ్జిగ, చద్దన్నం ఇవ్వొచ్చో లేదో వైద్యుల్ని అడగాలి. రక్తకణాలు తక్కువగా ఉన్నప్పుడు సమాధానం మారిపోతుంది.
* మామూలుకన్నా రోజుకి 4 సార్లు ఎక్కువగా వెళ్తున్నా, మలంలో రక్తం పడినా, మూత్రం తగ్గినా వెంటనే ఆసుపత్రికి ఫోన్ చేయాలి. జ్వరం 100.4 డిగ్రీలు దాటితే తెల్లారేదాకా ఆగొద్దు.
* 'ఈ బాధ నాకొద్దు, కీమో మానేస్తా' అని రోగి అంటే, ఆ మాటని డాక్టరుకి చేరవేయాలి. మోతాదు తగ్గించడం, మందు మార్చడం, విరేచనాలకి మాత్రలివ్వడం... దారులు చాలా ఉన్నాయి. చెప్పకుండా మానేస్తే ఆ దారులన్నీ మూసుకుపోతాయి!